పది మీటర్ల పైపు, రెండున్నర నెలల తిప్పలు

మా జిప్సీ గేర్ల పెట్టెలకి గాలి ఆడే దారుల్ని (బ్రీదర్లని) పైపులతో పైకి పొడిగించిన కథ ఇది. 2025 జులై 5, శనివారం సాయంత్రం. విశాఖపట్నంలోనే, గోపాలపట్నంలో మా అత్తగారింటి నుంచి కూర్మన్నపాలెం తిరిగొస్తున్నాం. ఎన్‌ఏడీ కూడలి దాటి బండి అరవై అందుకునేసరికి వెనక నుంచి సన్నటి మూలుగు మొదలైంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే తగ్గుతోంది, నొక్కితే మళ్లీ వస్తోంది. "కింద కుక్కపిల్లేమైనా దూరిందా?" అంది మా ఆవిడ. నాకు నవ్వు రాలేదు. సరిగ్గా ఆరు రోజుల కిందట అనంతగిరి అవతల గెడ్డలో, అంటే వాగులో, బండిని నిలబెట్టి ఫొటోలు తీసుకున్న సంగతి గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి, బండి కాస్త చల్లారాక, వెనక హౌసింగ్‌కి, అంటే వెనక చక్రాల మధ్య గేర్లుండే ఇనుప పెట్టెకి, నూనె పోసే బోల్టు విప్పి వేలు లోపలికి పెట్టాను. గేర్ ఆయిల్ తేనె రంగులో జిగటగా సాగాలి. నా వేలికి అంటుకొచ్చింది పాలెక్కువైన టీ.

మాది 2007 మోడల్ మారుతి జిప్సీ, నాలుగు చక్రాలూ లాగే ఫోర్‌వీల్ జీపు. 2022లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అసలు ఈ కథ మే నెలలోనే మొదలైంది, నాకే అర్థం కాలేదు. వెనక పినియన్ సీల్ (హౌసింగ్‌లోకి షాఫ్ట్ దూరే చోట నూనె ఆపే రబ్బరు రింగు) దగ్గర నూనె కారుతోందని మే 18న సీల్ మార్పించాను. జూన్ 8కి మళ్లీ చెమ్మ. నకిలీ సీల్ వేశారేమోనని అనుమానపడి, ఈసారి నేనే దగ్గరుండి కంపెనీ సీల్ కొని వేయించాను. రెండుసార్లకూ కలిపి 1,900 రూపాయలు. పది రోజులకి గ్యారేజీ గచ్చు మీద మళ్లీ అరచేతంత మరక. పాత బండి కదా, కారక మానుతుందా అని సర్దుకుపోయాను. ఆ మరక అప్పుడే ఏదో చెప్తోంది, నాకు వినబడలేదు.

జూన్ 29 ఆదివారం. తెల్లవారుజామున బయల్దేరి ఎస్.కోట మీదుగా ఘాట్ ఎక్కాం. నేను, ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా తోడల్లుడు. అనంతగిరి దాటాక రోడ్డు వదిలి మట్టిదారిలో దిగితే ఒక గెడ్డ వస్తుంది. ఆ ముందు రెండు రోజులూ వాన పడింది, నీళ్లు చక్రం సగం దాటి ఉన్నాయి. ఒడ్డున జీపు ఆపుకుని బీడీ కాలుస్తున్న ఒక పెద్దాయన మా బండి వైపు చూసి, "బాబూ, ఘాటీ ఎక్కొచ్చిన బండి. ఓ పది నిమిషాలు సల్లారనీండి, అప్పుడు దించండి" అన్నాడు. అది ఇంజిన్ సంగతి అనుకున్నాను. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది, నాకేంటి భయం? ఫోర్‌వీల్ వేసి దించేశాను. దించి ఊరుకోలేదు, మధ్యలో ఆపాను. తోడల్లుడు ఒడ్డున నిలబడి ఫొటోలు, పిల్లలు కిటికీలోంచి నీళ్ల వైపు చేతులు చాచడం. పావుగంట పైనే నిలబడి ఉంటాం. తిరుగు దారిలో అన్నీ బాగానే ఉన్నాయి. నీళ్లు దూరిన హౌసింగ్ ఆ రోజే మొరపెట్టుకోదు.

జులై 7, సోమవారం. నాది ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. ఆ వారం బి షిఫ్టు, అంటే మధ్యాహ్నం డ్యూటీ కాబట్టి పొద్దున్నే ఆటోనగర్ వెళ్లాను. ఈసారి పాత చోటికి కాకుండా, జీపులు మాత్రమే చూసే ఒక మేస్త్రీ దగ్గరికి. అరవై దాటిన మనిషి. వేలికి నూనె రాసుకుని రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, "నీళ్లెక్కడివి బాబూ, గెడ్డవా సముద్రానివా?" అని అడిగారు. గెడ్డ అన్నాను. "బతికిపోయారు" అన్నారు. ఉప్పునీళ్లయితే బేరింగులు వారానికే తుప్పు పడతాయట.

తర్వాత ఆయన కిందికి దూరి టార్చి వేసి, హౌసింగ్ పైన ఒక చోట స్క్రూడ్రైవర్‌తో గోకారు. నల్లటి పొర పెచ్చుగా ఊడింది. దాని కింద చిన్న టోపీలాంటి ముక్క. అదే బ్రీదర్, హౌసింగ్ లోపలికీ బయటికీ గాలి ఆడే దారి. ఆ నల్ల పొర ఏంటో నాకు తెలుసు. కొన్న మరుసటి ఏడాది అడుగు భాగానికి తుప్పు పట్టకుండా కోటింగ్ కొట్టించాను. మన ఊళ్లో సముద్రపు గాలికి కోటింగ్ కొట్టించనివాడు ఎవడు? కొట్టినవాళ్లు బ్రీదర్ మీద కూడా దట్టంగా కొట్టేశారు. 4,500 ఇచ్చి మరీ నా బండి ముక్కు నేనే మూయించుకున్నాను.

"ముక్కు మూసీసినారు. ఇంక ఊపిరి ఎలాగొదులుతాది? సీల్ లోంచే. మీరు ఎన్ని సీళ్లు మార్సినా అంతే."

లోపల నూనె వేడెక్కితే గాలి ఉబ్బుతుంది, బయటికి పోయే దారి లేక సీల్ పెదవిని తోసుకుని నూనెతో సహా వస్తుంది. రెండు సీళ్ల రహస్యం అదీ. అదే వేడి హౌసింగ్‌ని చల్లటి గెడ్డలో ముంచితే ఉబ్బిన గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. అప్పుడు లోపలికి పీలుస్తుంది. బ్రీదర్ మూసుకుపోయింది కాబట్టి ఏ సీల్ దగ్గర సందు దొరికితే అక్కడి నుంచి నీళ్లు లాక్కుంది. ముందు హౌసింగ్‌ది దీనికి తిరగేసిన కథ. అక్కడ బ్రీదర్ టోపీ ఎప్పుడో ఊడిపోయి, చిల్లు నోరు తెరుచుకుని ఉంది. దానిలోంచి నేరుగా తాగేసింది. ఒకే బండికి ఒక ముక్కు మూసుకుపోయి, ఇంకోటి నీళ్లలో తెరుచుకుని!

ఆ రోజే రెండు హౌసింగులూ ఖాళీ చేశారు. ఇక్కడొక మాట, ఇంట్లో ఎవరైనా సొంతంగా చేసుకుందామనుకుంటే: నూనె దింపే బోల్టు కంటే ముందు నూనె పోసే బోల్టు ఊడుతుందో లేదో చూసుకోవాలి. మా ముందు హౌసింగ్‌ది మొండికేసింది. డీజిల్ పోసి నానబెట్టి, పైపు తొడిగిన పానాతో లాగి, దాదాపు గంట పట్టింది. కింది బోల్టు ముందే విప్పేసి ఉంటే నూనె లేని బండి అక్కడే కూర్చునేది.

వెనక నుంచి ఇంచుమించు లీటరున్నర, ముందు నుంచి రెండు లీటర్లు దిగాయి. పళ్లెంలో కాసేపు ఉంచితే అడుగున నీళ్లు వేరుపడి కనిపించాయి. నేను మంచి గేర్ ఆయిల్ కొందామని లేచాను. మేస్త్రీ ఆపారు. "ఇప్పుడే పోసీకండి. ముందు కడగాలి. సవక నూనె ఒక డబ్బా తెండి." ఐదు లీటర్ల డబ్బా 1,300. అది పోసి, కూర్మన్నపాలెం దాకా మెల్లగా వెళ్లొచ్చి దింపాం. ముందుది ఒక్క కడుగుతో దాదాపు శుభ్రపడింది. వెనకది ఇంకా టీ రంగే. వెనక రెండోసారి కూడా చవక నూనె పోసి, అది అలాగే ఉంచి, "పైపుల పని అయ్యాక దింపుదాం" అన్నారు. ఆ మాట విలువ ఐదు రోజుల తర్వాత తెలిసింది. మూలుగు మాత్రం అప్పుడే సగానికి సగం తగ్గింది. బేరింగులు ఇంకా పాడవలేదన్నమాట. ఆ పూట డ్యూటీకి ఈల వేసుకుంటూ వెళ్లాను.

పని ఎప్పుడంటే ఎల్లుండి అన్నారు. ఎల్లుండి జులై 9, సింహాచలం గిరిప్రదక్షిణ. నేనూ మర్చిపోయాను, ఆయనా మర్చిపోయారు. 32 కిలోమీటర్లు నడిచిన మనిషిని మర్నాడు హౌసింగ్ కిందికి దూరమని ఎలా అడుగుతాం? ఫోన్ చేస్తే "కాళ్లు లేవు బాబూ, శనివారం రండి" అన్నారు. కూడా పనిచేసే కుర్రాడు కూడా నడిచాడట.

ఆ ఖాళీ రోజుల్లో సామాన్లు నేనే కొందామని పూర్ణా మార్కెట్ వైపు వెళ్లాను. ఇక్కడ చేసిన తప్పు చెప్పుకోవాలి. పైపే కదా అని మీటరు 25 రూపాయల పారదర్శకమైన పీవీసీ గొట్టం ఆరు మీటర్లు తీసుకున్నాను. లోపల నూనె వస్తే కనిపిస్తుందని నా తెలివి. శనివారం మేస్త్రీ దాన్ని చేతిలో పట్టుకుని వంచారు. మడత దగ్గర నొక్కుకుపోయి మూసుకుంది. "ఇంజిన్ వేడికి ఇది అప్పడంలా మెత్తబడిపోతాది. ఎండకి రెండు నెలల్లో పుల్లలా విరిగిపోతాది" అన్నారు. పెట్రోల్ పైపు, అంటే లోపల నూలు అల్లిక ఉన్న నల్ల రబ్బరు పైపు, ఆరు మిల్లీమీటర్లది, మీటరు 90. అది పది మీటర్లు. చేపల తొట్టికి వాడే సన్న గొట్టం గురించి ఎవరైనా చెప్తే నమ్మకండి.

నిప్పిళ్ల గోల ఇంకోటి. పాత బ్రీదర్ విప్పి, ఆ మర ఏ కొలతో చూసి, ఒక పక్క మర, ఇంకో పక్క పైపు ఎక్కే గొంతు ఉన్న ఇత్తడి నిప్పిల్ తెచ్చుకోవాలి. రెండు దుకాణాల్లో ఇచ్చినవి చూపుకి అచ్చం అలాగే ఉన్నాయి, రెండు చుట్లు తిరిగి బిగుసుకున్నాయి. బలవంతంగా తిప్పితే హౌసింగ్ మర పోతుంది, హౌసింగ్ పోతే బండి పోయినట్టే. చివరికి ఆటోనగర్‌లోనే లేత్ షాపులో పాత ముక్క నమూనాగా ఇస్తే ఇత్తడి కడ్డీలోంచి తీసిచ్చారు. ఒక్కోటి 150, నాలుగు 600. గంటన్నరలో అయిపోయింది. ఊరంతా తిరగకుండా మొదటే అక్కడికి వెళ్లి ఉండాల్సింది.

జులై 12, శనివారం, పొద్దున 8 గంటలకి మొదలు. ముందుది తేలిగ్గానే వచ్చింది. వెనకది తిప్పగానే "టిక్" అని చప్పుడైంది. టోపీ చేతిలోకొచ్చింది, మర ముక్క లోపలే ఉండిపోయింది. పద్దెనిమిదేళ్ల తుప్పు. ఆ క్షణంలో నా మొహం ఎలా ఉందో గానీ, కుర్రాడు పరిగెత్తి టీ తెచ్చాడు.

విరిగిన ముక్కకి చిన్న చిల్లు వేసి, ఎడమ మర ఉన్న పుల్లని దిగ్గొట్టి వెనక్కి తిప్పి లాగాలి. చిల్లు వేస్తుంటే రాలే ఇనుప రజను నేరుగా క్రౌన్ (హౌసింగ్ లోపలి పెద్ద గేరు) మీద పడుతుంది. మేస్త్రీ డ్రిల్ ముక్కుకి గ్రీజు పట్టించారు, రజను దానికే అంటుకుంటుందని. ప్రతి రెండు సెకన్లకీ ఆపి తుడవడం, మళ్లీ గ్రీజు. నలభై నిమిషాలు. ముక్క ఊడొచ్చాక ఆ రెండో కడుగు నూనె దింపితే, అడుగున రెండు మూడు వెండి తళుకులు. నా మాట విని మంచి నూనె పోసి ఉంటే అది మొత్తం పారబోయాల్సిందే. ఆయన దానిగురించి ఒక్క ముక్క కూడా అనలేదు. లోపలికి అయస్కాంతం పుల్ల పెట్టి కెలికి, శుభ్రంగా వచ్చాక కొత్త నిప్పిల్ బిగించారు.

జిప్సీకి గేర్‌బాక్స్ వేరు, ఫోర్‌వీల్ బాక్స్ వేరు. మధ్యలో చిన్న షాఫ్ట్ ఉంటుంది. అంటే ముక్కులు రెండు కాదు, నాలుగు. గేర్‌బాక్స్‌ది ఎక్కడుందో కింద నుంచి కనబడదు. ఫోన్ కెమెరా వీడియో ఆన్ చేసి సందులోకి దూర్చి వెతికాం. చివరికి లోపల గేర్ రాడ్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు విప్పితే పై నుంచి చెయ్యి అందింది. ఈ వెతుకులాటకే రెండు గంటలు పోయాయి. ఫోర్‌వీల్ బాక్స్‌ది పది నిమిషాలు. ఈ రెండిట్లో నూనె మాత్రం శుభ్రంగా ఉంది, బాగా ఎత్తున ఉన్నాయి కాబట్టి.

ఇక పైపులు ఎక్కడికి తీసుకెళ్లాలి అన్న దగ్గర మేస్త్రీకీ నాకూ చిన్న వాదన. నాలుగింటినీ టీ జాయింట్లతో కలిపి ఒక్క పైపుగా పైకి తీసుకెళ్దాం, పైపు ఆదా అని ఆయన. వద్దన్నాను. ఆ ఒక్కటీ మూసుకుపోతే నాలుగూ మూసుకుపోయినట్టే. పైగా ఎప్పుడైనా పైపులోంచి నూనె వస్తే ఏ పెట్టె నుంచో ఎలా తెలుస్తుంది? మూసుకుపోయిన ఒక్క బ్రీదర్ ఖరీదు అప్పటికే చూసినవాణ్ణి. ఆయన "మీ బండి, మీ డబ్బులు" అన్నారు గానీ, చివరికి ఆయనే నాలుగు రంగుల టేపు ముక్కలు చుట్టారు. ముందు ఎరుపు, వెనక నీలం, గేర్‌బాక్స్ పసుపు, ఫోర్‌వీల్ ఆకుపచ్చ.

నాలుగూ ఇంజిన్ గదిలో, డ్యాష్‌బోర్డు వెనక గోడకి పైన, ఎయిర్ ఫిల్టర్ గాలి పీల్చే ఎత్తుకి తెచ్చాం. అంతకంటే ఎత్తుకెళ్లి ప్రయోజనం లేదు. అక్కడిదాకా నీళ్లొస్తే ఇంజినే తాగేస్తుంది, అప్పుడు బ్రీదర్ గురించి ఏడ్చేవాడెవడు? పైపు దుకాణంలో స్నార్కెల్ (ఇంజిన్ గాలి పీల్చే దారిని బండి పైకప్పు దాకా లేపే గొట్టం) కూడా అంటగట్టబోయారు. నేనేమైనా గోదావరి దాటుతున్నానా?

వెనక పైపు ఛాసిస్ వెంబడి, బ్రేక్ పైపు పక్కనే, సైలెన్సర్‌కి ఎదురు వైపు నుంచి వచ్చింది. దారిలో ఎక్కడా కిందికి వేలాడి గుంటలా ఉండకూడదు. ఉంటే అందులో చెమ్మ చేరి నిలబడి అదే బిరడా అయిపోతుంది. కొసలకి మోటారు సైకిల్ పెట్రోల్ ఫిల్టర్లు, ఒక్కోటి 40, జాలీ ఉన్నవి. కొసని గొడుగు పిడిలా కిందికి వంచి కట్టాం. బిగించే ముందు ప్రతి పైపులోనూ నోటితో ఊది, ఎక్కడా నొక్కుకోలేదని చూసుకున్నాం. ఆ పని నేను చేశాను. గేర్ ఆయిల్‌లో గంధకం వాసన ఉంటుంది కదా, అది రెండు రోజులు నోట్లోంచి పోలేదు. మా ఆవిడ పక్క గదిలో పడుకోమంది.

సాయంత్రం 5కి పని అయింది. మంచి 80డబ్ల్యూ-90 నూనె నాలుగు లీటర్లు, లీటరు 420 చొప్పున. పైపు, నిప్పిళ్లు, క్లిప్పులు, ఫిల్టర్లు, ప్లాస్టిక్ ట్యాగులు, 1,500 కూలీ కలిపి బ్రీదర్ పనికి మొత్తం 3,380. నూనెలు, కడుగుడు వేరే 3,780.

వెళ్లే ముందు కుర్రాడు "సార్, మీ ఆక్వేరియం పైపు పారీకండి, ఒకటి సూపిస్తాను" అన్నాడు. వెనక నీలం పైపు కొసకి నా పీవీసీ గొట్టం తగిలించి, దాని రెండో కొస నీళ్ల సీసాలో ముంచి, సీసాని సీటుకి కట్టాడు. అగనంపూడి దాకా వెళ్లొచ్చాం. దారిపొడవునా సీసాలో బుడగలు, ఒక్కొక్కటే, నింపాదిగా. తిరిగొచ్చి ఇంజిన్ ఆపి, వెనక హౌసింగ్ మీద రెండు బకెట్లు చన్నీళ్లు పోశాడు. సీసాలో నీళ్లు గొట్టంలోకి ఎక్కడం మొదలెట్టాయి. బెత్తెడు, జాన, మూర. ఎవరో పైన కూర్చుని స్ట్రా పెట్టి తాగుతున్నట్టు. భయపడి నేనే సీసా లాగేశాను. 80 డిగ్రీల గాలి 25 డిగ్రీలకి పడితే ఇంచుమించు ఆరో వంతు కుంచించుకుపోతుందని కాగితం మీద లెక్క వేయగలను. చూడటం వేరు. గెడ్డలో పావుగంట నా బండి ఇదే చేసిందన్నమాట, నేను ఫొటోలకి నవ్వుతుండగా.

జులై 27, ఆదివారం. అంతా అయిపోయిందనుకున్న వాడికి ఇంకో దెబ్బ. ఇంటి దగ్గర ఒక ఖాళీ స్థలంలో ఇల్లు పడగొట్టిన మట్టిగుట్ట ఉంది. దాని మీదికి ఒక వెనక చక్రం ఎక్కించి, రెండోది ఎంత వేలాడుతుందో చూద్దామని సరదా. దిగి కిందికి చూస్తే నీలం పైపు నిప్పిల్ నుంచి ఊడి వేలాడుతోంది. బండి నేల మీద నిలబడి ఉండగా కొలిచి కోసిన పైపు అది. స్ప్రింగు కట్టలు సాగి హౌసింగ్ కిందికి దిగితే పొడవు చాలలేదు. అదే గెడ్డ మధ్యలో ఊడి ఉంటే? ఛాసిస్‌ని జాకీ మీద లేపి, చక్రాలు పూర్తిగా వేలాడనిచ్చి, అప్పుడు కొలవాలి. మర్నాడు మేస్త్రీ ఆ ముక్క మార్చి, ఒక అడుగు అదనంగా వదిలి, చిన్న చుట్టలా కట్టారు. డబ్బులు తీసుకోలేదు, "నా తప్పే" అన్నారు. నిజానికి ఆ రోజు పొద్దుపోతోందని తొందరపెట్టింది నేనే.

ఆగస్టు 17, ఆదివారం, మళ్లీ అదే గెడ్డ. ఈసారి ఒడ్డున ఆగాను. ఫ్లాస్కులో తెచ్చుకున్న కాఫీ తాగాం, హౌసింగ్ మీద చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా అయ్యేదాకా ఇరవై నిమిషాలు. తర్వాత దించి, ఆపకుండా దాటి, అవతల ఐదు నిమిషాలుండి, మళ్లీ దాటి వచ్చేశాం. మర్నాడు పొద్దున బోల్టులు విప్పాను. వెనకది తేనె. ఫోర్‌వీల్ బాక్స్ తేనె. ముందుది విప్పి చూస్తే మసక. టీ కాదు గానీ, తేనెలో రెండు చుక్కల పాలు పడ్డట్టు.

నిజం చెప్పాలంటే ఆ ఉదయం నాకు బండి అమ్మేయాలనిపించింది. ఇంత చేసి, ఇంకా ఎక్కడి నుంచి? ఎరుపు పైపు ఊది చూశాను, బాగానే ఉంది. ఆటోనగర్ వెళ్తే మేస్త్రీ ముందు చక్రం వెనక ఉన్న గుండ్రటి నకిల్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే కీలు) చూపించి తుడిచారు. గ్రీజు బూడిద రంగులో, నీళ్లు కలిసి. జిప్సీకి అక్కడ నీళ్లని తుడిచే రబ్బరు పట్టీ ఒకటి, దాని లోపల యాక్సిల్ సీల్ ఒకటి ఉంటాయి. రెండూ అరిగిపోయాయి. నకిల్‌లో నిండిన నీళ్లు మెల్లగా హౌసింగ్‌లోకి జారాయి. "పైపు ఉంటే పీల్సదు బాబూ. అంతే. అరిగిపోయిన సీల్‌లోంచి దానంతటది పోతే పైపేటి సేస్తాది?"

ఇది ముందే చెప్పొచ్చు కదా అని కోపం వచ్చింది. కానీ అడిగింది బ్రీదర్ గురించే, నకిల్ విప్పమని నేనెప్పుడన్నాను? జులైలో చెప్పి ఉంటే డబ్బు గుంజుతున్నాడని అనుకునేవాణ్ణేమో కూడా.

సీల్ కిట్ రెండు వైపులకీ 2,800, ఊళ్లో దొరకలేదు, తెప్పించడానికి తొమ్మిది రోజులు. ఈలోగా వినాయక చవితి, ఆగస్టు 27. ఆటోనగర్‌లో పందిళ్లు, కుర్రాడు నిమజ్జనం అయ్యేదాకా రానన్నాడు. ఆగస్టు 30, 31 రెండు రోజులు పని. కూలీ 3,000, నూనె, గ్రీజు 1,100. రెండు చేతులూ మోచేతిదాకా గ్రీజు పట్టే పని అది. ఆ కూలీ దగ్గర బేరమాడలేదు.

మే నుంచి లెక్క కూడితే, వాడని పీవీసీ గొట్టం 150తో సహా, 16,110 రూపాయలు. ఇందులో బ్రీదర్ పొడిగించడానికి అయినది 3,380 మాత్రమే. మిగతాదంతా అది ముందే చేయించుకోనందుకూ, అరిగిన సీళ్లకీ.

సెప్టెంబర్ 14, ఆదివారం. మూడోసారి గెడ్డ. ఒడ్డున అదే జీపు, అదే పెద్దాయన. నన్ను గుర్తుపట్టాడో లేదో గానీ, బానెట్ ఎత్తి నాలుగు రంగుల టేపులు చూపిస్తే వంగి శ్రద్ధగా చూశాడు. "ఎంతయింది బాబూ?" అన్నాడు. మూడువేల చిల్లర అని చెప్పాను, మిగతా పన్నెండు వేలూ మింగేసి. ఆయన తన జీపు వెనక సీటు ఎత్తాడు. హౌసింగ్ నుంచి సెలైన్ గొట్టం ఒకటి పైకి వచ్చి, సీటు కమ్మీకి రాగి తీగతో కట్టి ఉంది. కొసకి గుడ్డ పీలిక. "ఆస్పత్రిలో అడిగి తెచ్చినాను. ఏటా వానలకి ముందు మార్సీస్తాను" అన్నాడు. మన మేస్త్రీ పారదర్శకమైన గొట్టం గురించి చెప్పింది నిజమే, ఆయనది పసుపు పచ్చగా మారి గట్టిపడి ఉంది. అయినా ఏటా మారుస్తాడు కదా.

దాటాం, వచ్చాం. సోమవారం పొద్దున నాలుగు బోల్టులూ విప్పాను. నాలుగూ తేనె. గ్యారేజీ గచ్చు మీద మరక లేదు, వెనక పినియన్ సీల్ జూన్‌లో వేసిందే ఇప్పటికీ ఉంది. పసుపు టేపు పైపు మాత్రం గోడ అంచుకి రాసుకుని కొద్దిగా గీసుకుంది. దాని మీద పాత సైకిల్ ట్యూబు ముక్క చీల్చి చుట్టాను, వచ్చే సెలవు రోజు సరిగ్గా కట్టాలి. కోటింగ్ మళ్లీ కొట్టించే ఏడాది ఇదే, ఈసారి దగ్గరుండి నిప్పిళ్ల మీద టేపు నేనే చుడతాను.